కె కీ మీద క

ఈరోజు శనివారం, ఆఫీసు లేదు. పొద్దుటి నుంచీ ఇక్కడ, దక్షిణ కొరియాలోని సువాన్‌లో ముసురు. ఉప్మా చేసుకుని, గ్లాసు నిండా కాఫీ పక్కన పెట్టుకుని లాప్‌టాప్ తెరిచాను. సెబొల్‌షిక్ అనే కొరియన్ కీబోర్డు పద్ధతి మొదలుపెట్టి ఇవాళ్టికి ఇరవై రెండో రోజు.

ఈ దేశం వచ్చి రెండేళ్లయింది. మాట్లాడటం కాస్త వచ్చింది కానీ కొరియన్ టైపింగ్ అంటే నిన్నమొన్నటిదాకా టెన్షనే. ఇక్కడ అందరూ వాడేది దుబొల్‌షిక్, అంటే రెండు సెట్ల పద్ధతి. హల్లులన్నీ ఎడమ చేతికి, అచ్చులన్నీ కుడి చేతికి. షాపులో ఏ కీబోర్డు కొన్నా దాని మీద అచ్చు వేసి ఉండేది అదే. నేనేమో పదిహేనేళ్లుగా తెలుగుని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో కొడుతున్నదాన్ని. అందులో గుణింతాలు ఎడమ పక్క, హల్లులు కుడి పక్క. కొరియన్‌లోకి మారగానే చేతులు రెండూ ఒకదాని పని ఒకటి చేయబోయేవి.

ఇంకో బాధ కూడా ఉండేది. కొరియన్‌లో హల్లు, అచ్చు, చివరి పొల్లు కలిసి ఒక గడిలో కూర్చుంటాయి. చెట్టుని నాము అంటారు. న కొట్టి, ఆ కొట్టి, మ కొట్టగానే తెర మీద "నామ్" అని ఒకే గడిలో పడుతుంది. నామ్ అంటే పరాయివాళ్లు. ఆ తర్వాత ఉ కొడితే, మ అక్కణ్ణుంచి ఊడి పక్క గడిలోకి గెంతి "నాము" అవుతుంది. గడి మొదట్లో వచ్చే మకి, చివర పొల్లుగా వచ్చే మకి కీ ఒక్కటే. వెనకాల అచ్చు వస్తుందో లేదో తెలిసేదాకా అది ఎక్కడిదో కంప్యూటర్‌కి తెలియదు. ఇలా గెంతడాన్ని కొరియన్లు దొక్కెబిబుల్ అంటారు. మన కొరివిదెయ్యం మంటే! ఇక్కడ వెలిగి అక్కడ కనబడేది. పేరు ఎంత బాగా పెట్టారో.

సెబొల్‌షిక్‌లో ఈ మంట లేదు. మూడు సెట్లు: మొదటి హల్లుకి వేరే కీ, అచ్చుకి వేరే, చివరి పొల్లుకి వేరే. దీన్ని కనిపెట్టింది కొంగ్ బ్యొంగ్ ఊ అనే కంటి డాక్టరు. 1949లో ఈ పద్ధతిలో టైప్‌రైటర్ తయారు చేశాడు. ప్రభుత్వం మాత్రం 1969లో టైప్‌రైటర్లకి నాలుగు సెట్లనీ, టెలిప్రింటర్లకి రెండు సెట్లనీ ప్రమాణంగా పెట్టింది. ఎనభైల్లో కంప్యూటర్లకి కూడా రెండు సెట్లే ఖాయం చేసింది. ఆయన వదల్లేదు. పోయింది 1995లో అయితే, 1991లో కూడా ఈ పద్ధతికి చివరి మెరుగులు దిద్దుతూనే ఉన్నాడు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత మంచి పనిని పక్కన పెట్టడం అన్యాయం అనే ఇప్పటికీ అనిపిస్తుంది.

నన్ను పట్టేసింది ఇంకొకటి. సెబొల్‌షిక్‌లో మొదటి హల్లులు కుడి పక్క, అచ్చులు ఎడమ చూపుడు వేలి చుట్టూ ఉంటాయి. అంటే మనలాగే! ఇన్‌స్క్రిప్ట్‌లో కె కీ నొక్కితే క వస్తుంది. ఇక్కడా అదే కీ మీద వాళ్ల క ఉంది (అది మన క, గ రెండింటికీ మధ్యలో పలుకుతుంది). తెలుగులో కె, ఎఫ్ కొడితే "కి". ఇక్కడ అదే రెండు కీలు కొడితే "కా". మొదటిసారి అది తెర మీద పడినప్పుడు చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

ఇవాళ గంటసేపు "హన్‌గుల్" (కొరియన్ లిపి పేరు) ఒక్క మాటే కొట్టాను. ఎమ్, ఎఫ్, ఎస్. కె, జి, డబ్ల్యూ. మొదటి హల్లు కుడి చేత్తో, అచ్చు ఎడమ చూపుడు వేలితో, పొల్లు ఎడమ ఉంగరం వేలితో. ప్రతి గడికీ చెయ్యి కుడి నుంచి ఎడమకి జారుతుంది. మళ్లీ కుడి నుంచి ఎడమకి. తెర మీద ఏ అక్షరమూ గెంతదు, పడిందల్లా పడ్డచోటే ఉంటుంది.

కష్టాలు లేవని కాదు. అంకెల వరస మీద కూడా అక్షరాలే ఉంటాయి, అంకెలు కావాలంటే షిఫ్ట్ నొక్కాలి. మొన్న గురువారం మీటింగ్‌లో అందరూ వాడే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నోట్స్ రాయమన్నారు. అందులో దుబొల్‌షిక్ ఉంది, నా వేళ్లు ఇంకో దారిన పోయాయి. పెన్ను తీసి పుస్తకంలో రాసుకుని, తర్వాత నా సీట్లో టైప్ చేసి పంపాను.

మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశారు. తెలుగు టైపు లోయర్, హయ్యర్ రెండూ పాసైన మనిషి. నాకు ఇన్‌స్క్రిప్ట్ నేర్పింది కూడా ఆయనే. సంగతంతా చెబితే శ్రద్ధగా విన్నారు.

"గుణింతం ఎడమ చేత్తోనేనా అమ్మా?"

"అవును నాన్నా, మనలాగే."

"అయితే వచ్చేస్తుంది. ఇన్‌స్టిట్యూట్‌లో మాతో నెల రోజులు ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ ఒక్కటే కొట్టించారు. నువ్వూ అట్లాగే కొట్టు. చేతులు చూడకు, కాగితం చూడు."

సాయంత్రానికి గది నేల చల్లబడిపోయింది. నేలని వేడి చేసే బాయిలర్ ఆగిపోయింది. ఇంటావిడకి ఎప్పుడూ ఫోన్‌లోనే రెండు ముక్కలు పంపేదాన్ని. ఇవాళ కకావ్‌టాక్‌ని (ఇక్కడి వాట్సాప్ లాంటిది) లాప్‌టాప్‌లో తెరిచి, కీబోర్డు వైపు చూడకుండా మూడు వాక్యాలు రాశాను: సాయంత్రం నుంచి నేల వేడెక్కడం లేదు, వేడినీళ్లు కూడా రావడం లేదు, వీలైతే ఎవరినైనా పంపండి. పదకొండు నిమిషాలు పట్టింది. రెండుసార్లు చదువుకుని పంపాను.

నిమిషంలో జవాబు వచ్చింది. రేపు పదింటికి మనిషి వస్తాడట, ఈ రాత్రికి కింద తన దగ్గరున్న హీటర్ తీసుకెళ్లమంది. వెళ్లి తెచ్చుకున్నాను. పాదాల దగ్గర పెట్టుకుని మరో పేజీ కొడుతున్నాను.