భీముని కొలను దగ్గర చెప్పిన మాట

శివరాత్రికి శ్రీశైలం నడిచి వస్తానని నేను మొక్కుకున్నది ఒక తప్పు బయటపడనందుకు. దేవుడికి ఇలాంటి మొక్కులు కూడా ఉంటాయా అని నవ్వకండి, ఉంటాయి.

మాది చీరాల పక్కన జాండ్రపేట. నాన్న మాస్టర్ వీవర్. ఆయన పోయాక పద్నాలుగు మగ్గాల వ్యాపారం నా చేతికొచ్చింది. నూలు, పట్టు, జరీ మేమిస్తే నేతవాళ్లు ఇళ్లలోనే నేసిస్తారు, చీరకింత అని మజూరీ. నేను చేసిన మార్పల్లా షాపులకు వెయ్యడం మానేసి వాట్సాప్‌లో నేరుగా అమ్మడం.

మొన్న ఆశ్వయుజంలో అమెరికాలో ఉండే ఒకావిడ కూతురి పెళ్లికి పెట్టుబడి చీరలు 60 కావాలన్నారు. 38 చేతికొచ్చేసరికి తుఫాను పట్టుకుంది. గుంట మగ్గం సంగతి తెలిసినవాళ్లకు తెలుసు, కాళ్లు పెట్టుకునే గుంటలోకి ఊట దిగిందంటే ఇక నేత ఆగినట్టే. నెల రోజులు ఎవరింట్లోనూ నాడె ఆడలేదు. తేదీ దగ్గర పడుతోంది, నాకు నిద్ర లేదు. చివరికి 22 పవర్‌లూమ్ నకళ్లు ఒక్కోటి 900కి కొని, మా పేరు చీటీ కుట్టి, 2,800 లెక్కన ఆ 38లో కలిపి పంపేశాను. చీరతో సహా కొన్ని రకాల బట్టను చేనేతకే వదిలేయాలని 1985లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం సరిగ్గా అమలు కావట్లేదని ధర్నాలో కూర్చున్న మనిషి కూతుర్ని నేను.

ఆవిడ పెళ్లి ఫొటోలు పంపుతూ, "చేత్తో నేసిన చీర అందమే వేరండీ" అని మెసేజ్ పెట్టారు.

మిగిలింది 41,800. అందులోంచే పని లేని నెలకు నేతవాళ్లకు అడ్వాన్సులిచ్చాను. అందుకేనేమో, చాలా రోజులు అది తప్పనిపించలేదు. వ్యాపారం ద్రోహ చింతనం అని సామెతే ఉంది కదా! అయినా ఎందుకైనా మంచిదని 11,116 పసుపుగుడ్డలో ముడుపు కట్టి, మావయ్యను తోడు తీసుకుని బయల్దేరాను.

మావయ్యకు అరవై మూడేళ్లు. ఇంకా మగ్గం మీద కూర్చుంటాడు. గుంటూరు మీదుగా రైల్లో నంద్యాల, బస్సులో ఆత్మకూరు, అక్కడికి దగ్గర్లోనే వెంకటాపురం. అడవిదారి మొదలయ్యేది అక్కడే. పులుల అభయారణ్యం కాబట్టి శివరాత్రి, ఉగాది రోజుల్లో తప్ప ఆ దారిన జనాన్ని పోనివ్వరు. నాగలూటి వీరభద్రస్వామి గుడి దాకా ఉత్సాహంగానే నడిచాను. పెచ్చెరువు దగ్గర అన్నదానం పందిట్లో పప్పన్నం తిని అక్కడే పట్టా మీద పడుకున్నాం. చలికి నిద్ర పట్టలేదు. పైగా ముడుపు నడుముకు గుచ్చుకుంటోంది.

అసలు కష్టం రెండోరోజు, భీముని కొలను దగ్గర. లోయలోకి నిలువునా దిగాలి, దిగినంతా మళ్లీ ఎక్కాలి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని చదువుకున్నాం. ఆయన పుణ్యమేమో కానీ, నా మోకాళ్లు మాత్రం ఒక్కో మెట్టుకూ మొరపెట్టుకున్నాయి. వెనకాల కర్నూలు వైపు ముసలమ్మ ఒకామె చెప్పుల్లేకుండా ఎక్కుతూ, ఊపిరి అందినప్పుడల్లా "చేదుకో మల్లన్నా" అంటోంది. బావిలోంచి చేదతో నీళ్లు తోడినట్టు నన్ను పైకి లాక్కోమని. చిన్నప్పటి నుంచీ వింటున్నా, ఆ మాటకు అర్థం ఆ మెట్ల మీద తెలిసింది.

సగంలో కూలబడ్డాను. మావయ్య సీసా అందించాడు. నీళ్లు తాగి, ఏమనుకున్నానో ఏమో, మొత్తం చెప్పేశాను.

"తెలుసు తల్లీ. ఆ రోజు మడతలు పెట్టింది నేనేగా" అన్నాడు.

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు అబద్ధం చెప్పాల్సొచ్చేది. ఉన్నదానికి తోడు అదొకటి ఎందుకు?"

కాసేపాగి, నడుము వైపు చూపించి, "అది మల్లన్న సొమ్ము కాదు" అన్నాడు. అంతే. ముసలమ్మకు చెయ్యందించి ముందుకు నడిచాడు.

కైలాసద్వారం, హటకేశ్వరం దాటి గుడి దగ్గరికి చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి లింగోద్భవ వేళ జరిగే పాగాలంకరణ చూడాలని మావయ్య పట్టు. పెళ్లికొడుకు మల్లన్నకు తలపాగా. దాన్ని మా చీరాల ప్రాంతపు దేవాంగ కుటుంబమే తరతరాలుగా నేస్తోంది, రోజుకో మూర చొప్పున ఏడాది పొడవునా. నా వ్యాపార బుర్రకు ఇది ఎప్పుడూ లెక్క కుదరని పని. మావయ్య చేతికి మూరంటే గంట పని. గట్టిగా కూర్చుంటే నెలన్నరలో అయిపోయేదానికి ఏడాదెందుకు?

దీపాలన్నీ ఆర్పేశారు. అంతమంది జనంలో చంటిపిల్లల ఏడుపు తప్ప ఇంకేం వినిపించలేదు. నేసినాయన దిగంబరంగా, ఆ చీకట్లోనే గర్భగుడి విమాన శిఖరం నుంచి ముందు మండపం మీదుండే నవనందులను కలుపుతూ పాగా చుడతాడు. మాకేమీ కనిపించలేదు. ఎవరికీ కనిపించదు. దీపాలు వెలిగేసరికి శిఖరం చుట్టూ తెల్లటి గుడ్డ, కింద "హర హర మహాదేవ" అని ఒక్కటే హోరు. మావయ్య మెడ ఎత్తి చాలాసేపు చూసి, "పోగు ఎక్కడా వదులు లేదు" అన్నాడు. అంత దూరం నుంచి ఎలా కనిపించిందో ఆయనకే తెలియాలి.

మర్నాడు దర్శనమైంది. హుండీలో జేబులో ఉన్న నూట పదహార్లు వేశాను. ముడుపు అలాగే ఇంటికొచ్చింది.

వారం తర్జనభర్జన పడి ఆవిడకు ఫోన్ చేశాను. మంచిగా ఏమీ తీసుకోలేదు. "పంచేసిన చీరలండీ, ఇప్పుడు ఎవర్నని వెనక్కి అడగను?" అని గట్టిగానే అన్నారు, న్యాయమే. 41,800 తిరిగి పంపాను. 30 వేల పైచిలుకు అప్పు తెచ్చి కలపాల్సొచ్చింది. మగ్గం మీద గుడ్డ ముడుచుకోకుండా సాగదీసి పట్టే బద్ద సూదులు అంచు వెంట సన్నటి గుర్తులు వదులుతాయి, ఆ గుర్తులు లేని చీర వచ్చినవాళ్లకు కొత్తది నేసిస్తానని చెప్పాను. రెండు రోజులు జవాబు లేదు.

మూడోరోజు ఏలూరు నుంచి ఎవరో పెద్దావిడ, పెళ్లికూతురి మేనత్తట, చీర అంచు ఫొటో తీసి పంపారు. ఫోను మావయ్యకిచ్చాను. కళ్లజోడు నుదుటి మీదకు తోసి, రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేసి చూశాడు.

"ఇది మనదే. మీ పెద్దమ్మ మగ్గం మీదది. పేక కొంచెం బిగువు చూడు."

ఇప్పటికి తొమ్మిది ఫొటోలొచ్చాయి. అందులో నాలుగు మనవి కావు. మొదటి చీరకు పడుగు నిన్న ఎక్కించాం.