రిజల్ట్, ఫలితం, పత్తికాయ

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు, హనుమకొండలో మా ఇంటికి ట్యూషన్‌కు వచ్చే అమ్మాయి ఫోను పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "రిజల్ట్ వచ్చింది టీచర్" అంది. తప్పింది ఒక్క సబ్జెక్టే, అదీ నేను చెప్పే ఇంగ్లీషే. ఏమనాలో తోచలేదు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ మాట గురించే చెప్పడం మొదలుపెట్టాను. మాటల పుట్టుక అంటే నాకు ప్రాణం.

రిజల్ట్‌కు మూలం లాటిన్‌లోని 'రెసుల్తారే'. 'రె' అంటే వెనక్కి, 'సల్తారే' అంటే గంతులేయడం. గోడకు కొట్టిన బంతి ఎగిరి మళ్లీ మన వైపు వస్తుందే, అదీ అసలు అర్థం. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ కవి వర్జిల్, తేనెటీగలను ఎక్కడ పెంచకూడదో చెబుతూ, రాళ్లకు తగిలి అరుపు మారుమోగే చోటు వద్దన్నాడు. ఆ మారుమోతకు ఆయన వాడింది ఈ క్రియనే. తర్కంలో తేలే నిర్ణయం అనే అర్థం మధ్యయుగపు పండితుల చేతిలో వచ్చింది. ఇంగ్లీషులోకి 15వ శతాబ్దంలో చేరింది. ఇన్సల్ట్, అసాల్ట్ కూడా ఆ గంతుకు పుట్టినవే. రెండింటిలోనూ ఉన్నది మీదికి దూకడమే.

మన ఫలితానికి గంతుతో పని లేదు, అది పండులోంచి వచ్చింది. సంస్కృతంలో 'ఫల్' అనే ధాతువుకు పండడంతో పాటు పగలడం, చీలడం అనే అర్థాలూ ఉన్నాయి. నేలను చీల్చే నాగటి కర్రుకు 'ఫాలం' అని పేరు. ఇది మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నర్సంపేట దగ్గర మా నాన్న చేనే కళ్ల ముందు మెదిలింది. పత్తికాయ ఎండి పగిలితే తప్ప దూది బయటికి రాదు. ఎండిన డిప్పల కొనలు గుచ్చుకుని అమ్మ వేళ్లు ఆ రోజుల్లో ఎప్పుడూ గరుకుగా ఉండేవి. ఆ వేళ్లతోనే నాకు జడ వేసేది, వెంట్రుకలు చిక్కుకునేవి. ఒక చెట్టు మీది కాయలన్నీ ఒకేసారి పగలవు కాబట్టి రెండోసారి, మూడోసారి ఏరేవాళ్లు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లేదీ అలా విడతలుగానే.

ఆ అమ్మాయి వాళ్లదీ పత్తి చేనే. ఇంత సేపూ తల వంచుకుని విన్నది, ఇక్కడ తలెత్తింది.

"మొన్న మాది మూడోసారి ఏరినప్పుడు నేనూ వెళ్లాను టీచర్."

"ఎంత వచ్చింది?"

"రెండు బస్తాలు."

సప్లిమెంటరీకి ఫీజు కట్టే ఆఖరి తేదీ ఎప్పుడో చూడమన్నాను. ఫోను మళ్లీ తెరిచింది.