సొంగ్‌సమ్‌జే ఎక్కుడు: ఆ కుడి మలుపు ఇంకా లొంగలేదు

మళ్లీ అదే మలుపు. సైకిల్ మీద సొంగ్‌సమ్‌జే కనుమ ఎక్కుతూ, షియమ్‌జే విశ్రాంతి స్థలం ఇంకో కిలోమీటరు ఉందనగా కుడివైపు తిరిగే ఆ హెయిర్‌పిన్ దగ్గర ఈ ఆదివారం కూడా కాలు కింద పెట్టాల్సి వచ్చింది. క్యాసెట్ (వెనక చక్రం పళ్ల సెట్టు) మార్చాను, సంచి తీసేశాను, తెల్లవారకముందే బయల్దేరాను. ఏం చేసినా చక్రం ఆగేది అక్కడే, పది మీటర్లు అటూ ఇటూ. ఒళ్లు మండిపోతోంది, అందుకే స్నానం కూడా చేయకుండా ఇది రాస్తున్నాను.

ఊరు గురించి రెండు ముక్కలు. గురే దక్షిణ కొరియాలో జిరిసాన్ కొండల కింద, సొమ్‌జిన్ నది పక్కన ఉన్న చిన్న పట్నం. నేనుండేది గ్వాంగ్జులో. శనివారం పొద్దున్నే బస్సు డిక్కీలో సైకిల్ పడుకోబెట్టి వచ్చేస్తాను, రాత్రికి ఇక్కడే ఒక ముసలావిడ నడిపే మిన్‌బాక్‌లో (ఇంటి గదులు అద్దెకిచ్చే బస) గది. రైల్లో వచ్చేవాళ్లు గురేగు స్టేషన్‌లో దిగాలి. తమాషా ఏమిటంటే పేరు గురేదే గానీ స్టేషన్ ఉన్నది నది అవతల, సుంచొన్ పరిధిలో. వంతెన దాటితేనే గురే. కేటీఎక్స్ వేగరైల్లో వచ్చేట్టయితే బండి విప్పి సంచిలో పెట్టాల్సిందే, నాకు అంత ఓపిక లేదు. దారికి నేవర్ మ్యాప్ పెట్టుకోండి. కొరియాలో వేరే యాప్ నమ్ముకుని సైకిల్ ఎక్కితే పొలం గట్ల మీద తేలతారు.

శనివారం అంతా సాఫీగా గడిచింది. నది ఒడ్డు సైకిల్ దారి, వెదురుతోపు, ససొంగామ్ దగ్గర ఎర్ర టెలిఫోన్ బూత్‌లో సైకిల్ దారి పాస్‌పోర్టుకి స్టాంపు, నామ్‌దో వంతెన దాకా వెళ్లి హ్వాగే సంతలో భోజనం, వెనక్కి. ఎదురుగాలి కూడా లేదు.

ససొంగామ్ ఆశ్రమం కొండ మీద బండరాయికి ఆనుకుని ఉంటుంది. ఆ దారి మరీ నిటారు, సైకిల్ కింద తాళం వేసి షటిల్ బస్సులో వెళ్లాను. 2020 ఆగస్టులో సొమ్‌జిన్ పొంగి గురే మునిగినప్పుడు సుమారు పది ఆవులు నీళ్లు తప్పించుకుని, నడుచుకుంటూ ఇక్కడి దాకా ఎక్కాయి. 500 మీటర్లు పైబడిన ఎత్తు! ఏ గేరూ లేకుండా. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నా 22 గేర్ల బండి వైపు చూడబుద్ధి కాదు.

సాయంత్రం హ్వయొంసా అనే బౌద్ధ గుడికి వెళ్లాను. గాక్వాంగ్‌జొన్ మందిరం ముందు 6.4 మీటర్ల రాతి దీపస్తంభం ఉంది, కొరియాలో ఇంతకన్నా పెద్దది లేదట. 544లో భారతదేశం నుంచి వచ్చిన యొన్‌గి అనే భిక్షువు ఈ గుడి కట్టించాడని ఐతిహ్యం. గుడి పేరే అవతంసక సూత్రం మీద పెట్టారు. ఆ సూత్రంలో సుధనుడు గురువుల్ని వెతుక్కుంటూ తిరిగే కథ ఉంది కదా, అతని ఊరు ధాన్యాకరం మన అమరావతి దగ్గరి ధాన్యకటకమే అని కొందరు పండితులు అంటారు. గుంటూరు జిల్లావాణ్ణి, ఈ మాట తెలిశాక ఆ మెట్ల మీద ఇంకో అరగంట కూర్చున్నాను.

సరే, అసలు గొడవకి వస్తాను.

సొంగ్‌సమ్‌జే అంటే సముద్రమట్టానికి దాదాపు 1,100 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ. 861 నంబరు రోడ్డు చొనున్‌సా గుడి పక్క నుంచి దాని మీదికి ఎక్కుతుంది. కొరియా సైకిల్‌వాళ్లలో దీని పేరు చెబితే తల పంకించనివాళ్లు ఉండరు. నేను చొనున్‌సా పార్కింగ్ దగ్గర మీటరు సున్నా చేస్తాను. నా లెక్కలో మొదటి మూడు కిలోమీటర్లు 6-7 శాతం వాలు, తర్వాతి రెండున్నర 9-10 శాతం, ఆపైన షియమ్‌జే వరకు రెండు కిలోమీటర్లు సగటున 13. షియమ్‌జే దాటాక మళ్లీ 8కి దిగుతుంది. అంటే ఆ రెండు కిలోమీటర్లు గట్టెక్కితే మిగతాది అయిపోయినట్టే.

బండి వివరాలు: షిమానో 105 గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సెట్టు), 50-34 పళ్ల క్రాంక్ (పెడళ్లకి ఉండే ముందు చక్రాలు), వెనక మొన్నటిదాకా 11-32 పళ్లు, ఇప్పుడు 11-34. కాంటినెంటల్ 28 టైర్లు, వాటి మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. నేను 76 కిలోలు. బండి, నీళ్లు, బట్టలు, బూట్లు అన్నీ కలిపితే 88.

కాళ్ల శక్తి కొలిచే పవర్ మీటర్ లేదు, కాబట్టి కాగితం మీద లెక్కే. 9.5 శాతం భాగంలో నేను గంటకి 8.6 కిలోమీటర్ల వేగం పదిహేడు నిమిషాల పాటు నిలబెట్టగలుగుతున్నాను. 88 కిలోలకి అది 210 వాట్లకి కాస్త అటూఇటూ. కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) 67, గుండె 158. అక్కడిదాకా ఆయాసమూ లేదు, మాట్లాడుతూ తొక్కగలను కూడా.

ఇప్పుడు ఆ మలుపు. కొరియాలో బండ్లు రోడ్డుకి కుడివైపు వెళ్తాయి. కుడికి తిరిగే హెయిర్‌పిన్‌లో పైకి ఎక్కేవాడిది లోపలి అంచు. అదే ఎత్తుని తక్కువ దూరంలో ఎక్కాలి, కాబట్టి ఎడమ మలుపుల కన్నా ఇది ఎప్పుడూ నిటారుగా ఉంటుంది. మీటరు చూపించే శాతం మలుపు దాటాక గానీ సరిగ్గా రాదు, అందుకని ఈసారి ఆగిపోయాక ఫోన్‌ని రోడ్డు మీద పెట్టి వాలు కొలిచాను. నీటి కాలువ పక్కన, తెల్లగీత లోపల 18 శాతం. రోడ్డు మధ్య పసుపు గీత దగ్గర 14. ఆ నాలుగు శాతమే నా ప్రాణం తీస్తోంది. 210 వాట్లతో 14 శాతం మీద 6 కిలోమీటర్ల వేగం, కేడెన్స్ 47 వస్తుంది. కష్టమే, కానీ తొక్కొచ్చు. 18 శాతం మీద వేగం 4.8, కేడెన్స్ 37. ఆ తిప్పుడులో ప్రతి పెడల్ మధ్యలో బండి దాదాపు ఆగి మళ్లీ కదులుతుంది. ముందు చక్రం తేలికై అటూఇటూ ఊగుతుంది. హ్యాండిల్ సరిచేస్తే వేగం ఇంకా పోతుంది. అంతే, కాలు కింద.

మరి పసుపు గీత పక్కనే పోవచ్చు కదా అని గ్వాంగ్జులో మా తమ్ముడిలాంటి తెనాలి కుర్రాడు అడిగాడు. "అన్నా, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం మధ్యకి రా, ఏమవుతుంది?" ఏమవుతుందంటే, పైనుంచి దిగే కార్లు. నొగొదన్ శిఖరానికి నడిచేవాళ్లంతా సొంగ్‌సమ్‌జే దాకా కారులో వచ్చి అక్కణ్ణుంచి నడక మొదలుపెడతారు. తొమ్మిది దాటితే బ్రేక్ ప్యాడ్లు కాలిన వాసన కొండంతా పట్టేస్తుంది. మలుపులో ఎదుటి బండ్లు కనబడేలా పెట్టిన అద్దం ఉంది గానీ మంచు తుంపర పట్టి మసకగా ఉంటుంది. వెనక కారు, ముందు మలుపు, టెన్షన్‌తో గుండె ఇంకో పది పెరుగుతుంది తప్ప లాభం లేదు.

ఇక అనుమానాలు, ఒక్కొక్కటే కొట్టేస్తూ వస్తున్నాను.

ఎండ కాదు. పది గంటలకి 29 డిగ్రీల్లో ఎక్కినా, ఆరింటికి 19 డిగ్రీల్లో ఎక్కినా ఆగింది ఒకేచోట. బరువూ పూర్తిగా కాదు. కెమెరా సంచి 2.1 కిలోలు, గదిలో వదిలేశాను. లెక్క ప్రకారం దాంతో మిగిలేది అయిదు వాట్లు, అంటే కేడెన్స్‌లో ఒకటి. తిండి మీద కాసేపు అనుమానపడ్డాను. ఇక్కడి దసుల్గి సుజేబి, నత్తల పులుసులో పిండి ముక్కలు, బ్రహ్మాండంగా ఉంటుంది గానీ పొద్దున్నే తింటే కొండ మధ్యలో కడుపులో బరువు. ఈసారి చేసి తెచ్చుకున్న పులిహోర ఒక పిడికెడు, అరటిపండు, పోకారీ స్వెట్ అనే ఉప్పుల పానీయం. కడుపు ఏ పేచీ పెట్టలేదు, మలుపు మాత్రం పెట్టింది.

గుండె కూడా కాదనుకుంటున్నాను. ఆగేటప్పటికి 171. నలభై సెకన్లలో 140కి దిగింది, అంటే ఊపిరి మిగిలే ఉంది. పోయింది తొడలు, నడుము. నిలబడి తొక్కితే? ప్రయత్నించాను. అంచున తడి ఆకులు, పైన్ సూదులు. లేచి నిలబడగానే వెనక చక్రం సర్రుమని ఒక్క చుట్టు ఉత్తగా తిరిగింది. టైర్ గాలి 75 నుంచి 62 పీఎస్ఐకి దించితే పట్టు కొంచెం మెరుగైంది, కానీ 37 కేడెన్స్‌లో నిలబడి తొక్కితే ఇరవై మీటర్లకే గుండె 180.

ఒకసారి ఆగితే ఇంకో బాధ. 18 శాతం మీద క్లీట్ (బూటుని పెడల్‌కి పట్టించే బిళ్ల) బిగించే లోపు బండి వెనక్కి జారుతుంది. బూట్లు టకటకలాడించుకుంటూ నలభై మీటర్లు తోసుకెళ్లాలి. ఈసారి అలా తోస్తుండగా ఒక పెద్దాయన, డెబ్బై ఉంటాయి, ఈ-బైక్ మీద ఈల వేసుకుంటూ పక్కనుంచి పోతూ "హ్వైటింగ్!" అన్నాడు, అంటే కానివ్వు అని ఉత్సాహపరచడం. మనసులో దండం పెట్టాను, ఇంకేదో కూడా అనుకున్నాను.

కాబట్టి మిగిలింది గేరు. వెనక 32 నుంచి 34కి మారిస్తే నాకు వచ్చింది 35 నుంచి 37, రెండే రెండు. ముందు 34 బదులు 30 పళ్ల చైన్‌రింగ్ ఉంటే అదే శక్తికి 42 అవుతుంది. 42 అంటే గొప్పేం కాదు, కానీ బండి ఆగి కదలడం అనే దరిద్రం పోతుంది. షిమానో వాళ్లు మట్టిదారి సైకిళ్లకి చేసే జీఆర్ఎక్స్‌లో 46-30 క్రాంక్ ఉంది. చిక్కు ఏమిటంటే దాని చైన్‌లైన్ (చైన్ నడిచే గీత) రోడ్డు క్రాంక్ కన్నా 2.5 మి.మీ. బయటికి ఉంటుంది, ముందు డెరైల్యూర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది) కూడా జీఆర్ఎక్స్‌దే వేయమంటారు. తెనాలి కుర్రాడేమో తేలిక కార్బన్ చక్రాలు కొనమని పోరుతున్నాడు. ఈ వేగంలో కార్బన్ చక్రాలు పనికొచ్చేది ఫొటోలకే. నాలుగు పళ్ల తేడా ఇచ్చే సుఖం ఏ కార్బనూ ఇవ్వదు, అందులో సగం ధర కూడా కాదు. వెనక డెరైల్యూర్‌ని కిందికి దించే హ్యాంగర్ ఎక్స్‌టెండర్ పెట్టి 40 పళ్ల క్యాసెట్ వేసేవాళ్లున్నారు. నాకు అది నచ్చదు, షిఫ్టింగ్ మొద్దుబారుతుంది, చైన్ పొడవు మళ్లీ తంటా.

షియమ్‌జే నుంచి పైదాకా మామూలుగానే ఎక్కేశాను. దిగుడులో డిస్క్ బ్రేకులు పాటపాడాయి, అంతకు మించి ఏం లేదు. ఎలుగుబంట్లు జాగ్రత్త అన్న బోర్డు ఒకటి కనిపించింది. 2004 నుంచి ఈ కొండల్లో నల్ల ఎలుగుల్ని మళ్లీ వదులుతున్నారు. నాకు కనిపించింది ఒక ఉడత.

క్రాంక్ వచ్చేలోపు ఆ మలుపు జోలికి పోను. అక్టోబరు చివర్లో ఆకులు ఎర్రబడతాయి కాబట్టి ముందు పియాగోల్ లోయ. ఎక్కుడు ఉంటుంది గానీ 34-34 చాలు. యొన్‌గొక్‌సా గుడి దాకా వెళ్లి దారిలో ఉన్‌జోరు ఇంటి దగ్గర ఆగాలి. 1776లో కట్టిన ఆ ఇంట్లో ఎవరైనా తెరిచి బియ్యం తీసుకోవచ్చని రాసిన చెక్క గాదె ఉందట, అది చూడాలి. చలికాలం మంచు పడితే 861 రోడ్డు మూసేస్తారు, అంటే క్రాంక్ నవంబరు మధ్యలోపు బిగించాలి. అవతలి వైపు దాల్గుంగ్ నుంచి ఎక్కడం, అక్కణ్ణుంచి జొంగ్‌న్యొంగ్‌చి కలపడం వచ్చే ఏడాది. మార్చిలో సాన్‌దోంగ్‌లో సాన్‌సుయు పసుపు పూలు విచ్చినప్పుడు కాళ్లు బాగుంటే మొదలుపెడతాను.

జీఆర్ఎక్స్ 46-30 క్రాంక్‌ని 105 ముందు డెరైల్యూర్‌తోనే నడిపిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పెద్ద రింగ్‌లో, వెనక చిన్న పళ్ల మీద చైన్ డెరైల్యూర్ కేజ్‌కి రాసుకుంటోందా? 2.5 మి.మీ. లిమిట్ స్క్రూతో సర్దుకుంటే నాకు ఒక డెరైల్యూర్ ఖర్చు తప్పుతుంది.