తొలి సంతకాలు, తొలి పదవులు: పిల్లలతో కూర్చుని చూసేటప్పుడు

కొత్త అధ్యక్షుడు ఒక్కో పేరూ ప్రకటిస్తుంటే అమెరికాలోని తెలుగు ఇళ్లలో ముందు వినపడే ప్రశ్న "మనవాళ్లెవరికైనా వచ్చిందా?" అని. అడగడంలో తప్పు లేదు, అక్కడితో ఆగిపోతేనే చిక్కు. ఇంటిపేరు చూసి సంబరపడటం పిల్లలకు ఇట్టే అబ్బుతుంది. ఆ కుర్చీకి ఉన్న అధికారమెంత, దాన్ని ఎవరు ఆపగలరు అన్నది మాత్రం ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల్సిందే.

ముందు రెండు చోట్లా పద్ధతి వేరని చెప్పాలి. మన దగ్గర ముఖ్యమంత్రి పేర్లిస్తే గవర్నర్ ప్రమాణం చేయిస్తారు, మధ్యలో ప్రశ్నలడిగేవాళ్లు ఉండరు. ప్రధానమైన కట్టడి సంఖ్య మీద. 2003 నాటి 91వ సవరణ ప్రకారం మంత్రివర్గం శాసనసభ బలంలో 15 శాతం దాటకూడదు కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26, తెలంగాణలో 18. జిల్లాల కూడికలూ కులాల తీసివేతలూ అన్నీ ఆ అంకెలోనే ఇమడాలి. అమెరికాలో 15 శాఖల అధిపతులూ సెనేట్ (అక్కడి పార్లమెంటులో ఎగువ సభ) గడప దాటాలి: ఆస్తుల వివరాలు, కమిటీ విచారణ, చివరికి ఓటింగ్. వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌కీ జాతీయ భద్రతా సలహాదారుకీ ఆ గడప లేదు.

ఈ తేడా తెలియాలంటే నీరా టాండన్ ఉదంతం చాలు. భారతీయ మూలాలున్న ఆమెను అప్పటి అధ్యక్షుడు బైడెన్ వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయ అధిపతిగా ఎంపిక చేస్తే మన వాట్సాప్ గ్రూపులన్నీ అభినందనలతో నిండిపోయాయి. పాత ట్వీట్ల గొడవలో సొంత పార్టీ సెనేటర్ జో మాంచిన్ అడ్డం తిరిగారు, 2021 మార్చిలో ఆమె పేరు వెనక్కి తీసుకున్నారు. మే నెలలో ఆమే అధ్యక్షుడికి సీనియర్ సలహాదారు అయ్యారు. దానికి సెనేట్‌తో పని లేదు మరి! పదమూడేళ్ల పిల్ల కూడా ఇది పట్టుకుంటుంది.

విచారణ వీడియో గంటల తరబడి సాగుతుంది, అంతా చూపిస్తే పిల్లలు లేచిపోతారు. రెండు పార్టీల నుంచీ చెరో సెనేటర్‌ని ఎంచుకుని ఆ నిమిషాలే చూడండి. ప్రతి ప్రశ్నకూ ఎదురుగా "చెప్పాడు", "దాటేశాడు" అని రాయమనండి. ఫోన్లో తిరిగే తునకలు మాత్రం వద్దు. వాటిలో తిట్టు ఉంటుంది, జవాబు ఉండదు. ఓటింగ్‌లో గెలుపోటముల కన్నా సొంత పార్టీ నుంచి ఎందరు జారారన్నది చూడాలి. 2025లో రక్షణ మంత్రి పదవికి ట్రంప్ ఎంపిక చేసిన పీట్ హెగ్సెత్‌కు ముగ్గురు రిపబ్లికన్లు ఎదురు ఓటేస్తే 50-50 అయింది, ఉపాధ్యక్షుడి ఓటుతో గట్టెక్కారు.

ఇక సంతకాలు. తొలి సంతకం అంటే మనకు ప్రాణం. 2024 జూన్‌లో చంద్రబాబు తొలి సంతకం 16,347 పోస్టుల మెగా డీఎస్సీ మీద, నోటిఫికేషన్ వచ్చింది 2025 ఏప్రిల్‌లో. ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాయించండి. వాటి పక్కనే జన్మతః పౌరసత్వం మీద 2025 జనవరి 20న ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు. తల్లి అనుమతి లేకుండా ఉన్నా, తాత్కాలిక వీసా మీద ఉన్నా, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే బిడ్డకు పౌరసత్వం లేదన్నది దాని సారం. మూడో రోజునే సియాటిల్‌లో ఫెడరల్ న్యాయమూర్తి తాత్కాలికంగా ఆపారు. హెచ్-1బీ ఇళ్లలో అప్పటికే పుట్టి పెరుగుతున్న పిల్లలకు ఆ వారం అక్కర్లేని భయం పట్టుకుంది. 30 రోజుల తర్వాత పుట్టేవాళ్లకే వర్తిస్తుందని ఆ ఉత్తర్వు రెండో సెక్షన్‌లోనే ఉంది. మూల పాఠం ఫెడరల్ రిజిస్టర్‌లో (అమెరికా ప్రభుత్వ గెజిట్‌లో) ఉచితంగా దొరుకుతుంది. చదవడానికి పది నిమిషాలు పట్టదు, చర్చలకైతే పది రోజులు పట్టింది.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది కుటుంబ పదవుల సంగతి. 1961లో కెన్నెడీ తమ్ముణ్ని అటార్నీ జనరల్ చేశారు. 1967లో బంధువుల నియామకాలపై నిషేధ చట్టం వచ్చింది. అయినా 2017లో ట్రంప్ అల్లుడు జారెడ్ కుష్నర్ వైట్‌హౌస్‌లో సలహాదారు అయ్యారు, వైట్‌హౌస్ కార్యాలయానికి ఆ చట్టం అడ్డు కాదని న్యాయశాఖ అభిప్రాయమిచ్చింది. దీన్ని తప్పుపట్టే నోటితోనే కేటీఆర్, లోకేశ్ మంత్రులైతే "వారసుడు కదా" అనేస్తే పిల్లలు వెంటనే పట్టేస్తారు, పైకి అనకపోయినా. రెండూ ఒకటేనని కొట్టిపారేయడమూ సరికాదు. కేటీఆర్ ఎమ్మెల్యేగా గెలిచి మంత్రి అయ్యారు. 2017లో మంత్రి అయినప్పుడు లోకేశ్ శాసనమండలి సభ్యుడు, ప్రజల ఓటుతో నేరుగా సభకు వచ్చింది 2024లో. ట్రంప్ అల్లుడు ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. కెన్నెడీ తమ్ముడూ గెలిచి రాలేదు గానీ సెనేట్ ఓటు దాటారు. ఈ నలుగురినీ ఒకే కాగితం మీద రాసి, ఎవరిని ఎవరు ఎన్నుకున్నారు, ఎవరు తీసేయగలరు అని పిల్లల చేతే నింపించండి. ఆదివారం వీడియో కాల్‌లో తాతయ్యకు అదే కాగితం చూపించనివ్వండి. మధ్యలో మీరు సర్దిచెప్పకండి.