తమ్ముడికి ఎంత మిగులుతుంది?

నా లివర్ పాడైంది ఆటోఇమ్యూన్ హెపటైటిస్ వల్ల. ఒంట్లోని రోగనిరోధక శక్తే లివర్ మీద దాడి చేసే జబ్బు ఇది. మందు వాసన ఎరగని ఆడమనిషికి సిర్రోసిస్ (లివర్ గట్టిపడి పాడైపోవడం) ఏమిటని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. పసరు పోయించమన్న వాళ్లూ ఉన్నారు. కామెర్లు, పొట్టలో నీరు, చివరికి రాత్రిపూట సొంత పిల్లల్ని కూడా గుర్తుపట్టలేని స్థితి వచ్చాక, లివర్ మార్పిడి తప్పదని హైదరాబాద్ డాక్టర్లు చెప్పేశారు.

చనిపోయిన దాతల అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. అక్కడ పిలుపు వచ్చేదాకా నేను ఆగలేనని తెలిసి, తన లివర్‌లో ముక్క ఇస్తానని తమ్ముడు ముందుకొచ్చాడు. బ్లడ్ గ్రూప్ కలిసింది. ఇక ఆపరేషనే అనుకున్నాం. ఏ వైపు ముక్క తీయాలన్నది ఇంత పెద్ద ప్రశ్న అవుతుందని మాకెవరికీ తెలియదు.

పెద్దవాళ్లకు సాధారణంగా కుడి లోబ్, అంటే లివర్ కుడివైపు భాగం, పెడతారు. చాలామందిలో అది మొత్తం లివర్‌లో 60–65 శాతం ఉంటుంది. సీటీ స్కాన్‌లో కొలిస్తే తమ్ముడి లివర్ 1,300 మిల్లీలీటర్లు, అందులో కుడివైపే 920. సర్జన్ గారు కాగితం మీద లివర్ బొమ్మ గీసి, మధ్యలో గీత పెట్టి చూపించారు. "పెద్దదే తీసుకోండి సార్, అక్క తొందరగా లేవాలి" అన్నాడు తమ్ముడు. అప్పటిదాకా నోరు విప్పని మరదలు ఆ కాగితం తన వైపు తిప్పుకుని, "మరి ఈయనకి ఎంత మిగులుతుంది డాక్టర్ గారూ?" అని అడిగింది.

ఆ గదిలో అడగాల్సిన ప్రశ్న అదే. నేను అడగాల్సింది, తను అడిగింది.

మిగిలేది 29 శాతమే. దాతకు కనీసం 30 శాతమైనా ఉండాలి, 35 ఉంటే ఇంకా నిశ్చింత. "మీరు ఒప్పుకున్నా నేను తీయను" అని సర్జన్ గారు తమ్ముడితో ఖరాఖండిగా చెప్పారు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది.

ఇక తీయగలిగింది ఎడమ లోబే, సుమారు 380 గ్రాములు. పెట్టే ముక్క బరువు రోగి బరువులో కనీసం 0.8 శాతం ఉండాలట. కాటా మీద నేను 54 కిలోలు, పొట్టలో నీరు తీసేస్తే 47. ఆ లెక్కన సరిగ్గా సరిపోయింది. అయినా నాకు టెన్షనే. చిన్న ముక్క మీదికి, పేగులు, ప్లీహం నుంచి లివర్‌కి రక్తం తెచ్చే పోర్టల్ సిర నుంచి రక్తం ఉధృతంగా వస్తే అది తట్టుకోలేకపోవచ్చు. అవసరమైతే ప్లీహానికి వెళ్లే ధమనిని కట్టి ఆ ఒత్తిడి తగ్గిస్తామన్నారు. జపాన్‌లో 1993లో బతికున్న దాత నుంచి తీసి పెద్దవాళ్లకు మొదట విజయవంతంగా పెట్టింది కూడా ఎడమ లోబేనని చెప్పి ధైర్యమిచ్చారు. ఆపరేషన్‌లో ఒత్తిడి కొలిచి, చివరికి ఆ ధమనిని కట్టారు.

నేను తేలిగ్గా కోలుకోలేదు. డ్రెయిన్ గొట్టంలోంచి రోజూ సంచులకొద్దీ నీరు పోయేది. కామెర్లను చూపే బిలిరుబిన్ మెట్టు మెట్టుగా దిగింది. ఐసీయూలో ప్రతి పొద్దునా ఆ రిపోర్ట్ కోసం నర్సు ముఖమే చూసేదాన్ని. నాకంటే ముందే డిశ్చార్జ్ అయిన తమ్ముడు వార్డు బయట నడుస్తూ కనిపించినప్పుడల్లా, మరదలు అడిగిన మాట గుర్తొచ్చి కళ్లు చెమర్చేవి.

మూడో నెల స్కాన్‌లో నాలోని ముక్క దాదాపు రెట్టింపైంది. తమ్ముడు మళ్లీ పొలం పనుల్లో పడ్డాడు. కొత్త లివర్‌ని ఒళ్లు తిప్పికొట్టకుండా నేను పొద్దున, సాయంత్రం టాక్రోలిమస్ మందు వేసుకుంటున్నాను. జబ్బు తిరగబెట్టకుండా తక్కువ మోతాదులో స్టెరాయిడ్ కూడా సాగుతోంది. దానమివ్వడానికి సిద్ధపడిన వాళ్ల ఇళ్ల నుంచి ఇప్పుడు నాకు ఫోన్లు వస్తుంటాయి. స్కాన్ రిపోర్ట్ చేతిలో పెట్టుకుని, దాతకు ఎంత శాతం మిగులుతుందో ముందు డాక్టర్ని అడగమంటాను. ఆ తర్వాతే నా ఆపరేషన్ సంగతులు చెబుతాను.