చిన్న రెక్క మీద గాలి పల్స్‌లు: స్పీకర్లతో స్టాల్‌ను వెనక్కి నెట్టే పని ఎక్కడిదాకా వచ్చింది

రెక్క ముందు అంచు దగ్గర వెంట్రుకంత సన్నటి స్లాట్ పెట్టి, అందులోంచి గాలిని సెకనుకు పదుల సార్లు ఊదుతూ పీల్చుతూ ఉంటే, స్టాల్ అయిన, అంటే గాలి ఉపరితలాన్ని వదిలేసిన రెక్క మీద గాలి మళ్లీ అతుక్కుంటుందా అన్నది ఈ ప్రాజెక్టు. అతుక్కుంటోంది. రెక్కను గాలికి 14 డిగ్రీల కోణంలో పెట్టి స్విచ్ వేస్తే రెక్క మీద అంటించిన దారాలు వెనక అంచు వైపు తిన్నగా పడుకుంటున్నాయి, తీస్తే చిందులు తొక్కుతున్నాయి. చూడటానికి భలే ఉంటుంది. కానీ ఆ మార్పు జెట్ వల్లే వచ్చిందా, ఇంకేదైనా కారణమా అని తేల్చుకోవడానికే అసలు శ్రమ పట్టింది. అందుకే ఈ లాగ్‌లో సగం దాని గురించే.

కొత్తవాళ్ల కోసం సంగతి రెండు ముక్కల్లో. రెక్క ఉపరితలాన్ని ఆనుకుని ఉండే పల్చటి గాలి పొర ఘర్షణ వల్ల నెమ్మదిస్తుంది. దీన్నే బౌండరీ లేయర్ అంటారు, 1904లో లుడ్విగ్ ప్రాంట్ల్ దీన్ని వివరించాడు. రెక్క పైభాగంలో వెనక్కి వెళ్లేకొద్దీ పీడనం పెరుగుతుంది. నీరసించిన ఆ పొర పెరిగే పీడనానికి ఎదురు వెళ్లలేక ఉపరితలాన్ని వదిలేస్తుంది. కోణం ఎక్కువైతే ముందు అంచు దగ్గరే వదిలేస్తుంది, అదే స్టాల్. వదిలిపోయిన గాలికీ దాని కింద నిలిచిపోయిన గాలికీ మధ్య ఉండే పొర చాలా అస్థిరంగా ఉంటుంది, చిన్న కుదుపు తగిలినా సుడులుగా చుట్టుకుంటుంది. పల్స్ జెట్ చేసేది ఆ కుదుపు ఇవ్వడమే. సుడులు పైనున్న వేగమైన గాలిని ఉపరితలం దాకా దించుతాయి. ఆ పనికి కావాల్సిన శక్తి బయటి ప్రవాహం నుంచే వస్తుంది, మనం లయ మాత్రం ఇస్తాం. అందుకే ఎంత గట్టిగా ఊదాం అన్నదాని కంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఊదాం అన్నదే ముఖ్యం.

టన్నెల్, రెక్క

విండ్ టన్నెల్‌లో (గాలిని ఒకే వేగంతో పంపే సొరంగం) రెక్క ఉండే భాగం, అంటే టెస్ట్ సెక్షన్, 250 మి.మీ. చదరం. వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని లాగుతుంది, ముందు స్ట్రాలతో కట్టిన తేనెపట్టు, దాని వెనక రెండు వరసల దోమతెర. వేగం సెకనుకు 8 మీటర్లు. ఈ వేగంలో డైనమిక్ పీడనం (గాలి కదలిక వల్ల వచ్చేది) 38 పాస్కల్సే, అంటే నిలువు గొట్టంలో 4 మి.మీ. నీరు కూడా లేవదు. చవక సెన్సర్లు ఇక్కడ తడబడతాయి. 10కి 1 వాలుతో పడుకోబెట్టిన నీటి మానోమీటర్ (పీడనాన్ని నీటి మట్టంతో చూపే గొట్టం) అయితే అదే పీడనాన్ని 39 మి.మీ. పొడవుగా చూపిస్తుంది. నీటిలో ఒక్క చుక్క డిష్‌వాష్ ద్రవం వేస్తే గొట్టం గోడకు పట్టుకోకుండా సాఫీగా జరుగుతుంది.

రెక్క ఎయిర్‌ఫాయిల్ (అడ్డుకోత ఆకారం) నాకా 0015 అనే ప్రామాణిక రకం, కార్డ్ (ముందు అంచు నుంచి వెనక అంచు దాకా దూరం) 120 మి.మీ., ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా. రెనాల్డ్స్ సంఖ్య (గాలి జడత్వానికీ జిగటకూ ఉన్న నిష్పత్తి) సుమారు 64,000. 14 డిగ్రీల దగ్గర ఈ రెక్క సెక్షన్ ఎత్తులో దాదాపు 12 శాతం అడ్డుపడుతుంది. కాబట్టి ఇక్కడి అంకెలను పుస్తకాల్లోని గ్రాఫులతో పోల్చను. ఇదే టన్నెల్‌లో జెట్ ఉన్నప్పుడు, లేనప్పుడు తేడా మాత్రమే చూస్తాను.

స్లాట్ ముందు అంచు నుంచి 10 మి.మీ. వెనక ఉంది. వెడల్పు 0.6 మి.మీ., పొడవు 230 మి.మీ. గాలి వెనక వైపు వాలుగా వచ్చేలా 30 డిగ్రీల కోణం ఇచ్చాను. రెక్కను రెండు ముక్కలుగా నిలబెట్టి ప్రింట్ చేశాను, అప్పుడు స్లాట్ గోడలు సాఫీగా వస్తాయి. ఇంత పొడవున స్లాట్ పెదవి ఊరికే ఉంటే మధ్యలో ఉబ్బుతుంది, అందుకని ప్రతి 40 మి.మీ.కి ఒక సన్నటి పక్కటెముక ఉంచి అతికించాక ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి చివరిదాకా లాగాను. ఒక్కచోట 0.1 మి.మీ. తేడా ఉన్నా అక్కడి దారం మిగతావాటితో కలవదు.

పై ఉపరితలంలో కార్డ్ పొడవునా ఆరు చోట్ల 0.8 మి.మీ. పీడన రంధ్రాలు ఉన్నాయి. సన్నటి గొట్టాలు వాటినుంచి ఆరు గొట్టాల మానోమీటర్‌కు వెళ్తాయి. లోడ్ సెల్‌తో (బలం కొలిచే సెన్సర్) లిఫ్ట్ కొలవొచ్చు కదా అంటే, రెక్కకు రెండు వైపులా గాలి పైపులు తగిలి ఉన్నాయి, వాటి బిగువే లిఫ్ట్‌లో కలిసిపోతుంది. పైగా లోడ్ సెల్ చిప్‌ను సెకనుకు 80 రీడింగుల వేగంలో పెడితే, 73 హెర్ట్జ్ కంపనం 7 హెర్ట్జ్ ఊపులా దొంగవేషంలో కనిపిస్తుంది. మానోమీటర్‌కు ఈ గొడవ లేదు, నీరు తనంతట తానే సగటు చూపిస్తుంది.

వాల్వ్ నుంచి స్పీకర్‌కు

మొదటి రూపంలో చిన్న 12 వోల్టుల సోలెనాయిడ్ వాల్వ్‌తో కంప్రెసర్ గాలిని ముక్కలుగా కోశాను. నెమ్మది పల్స్‌లకు బాగానే ఉంటుంది. 73 హెర్ట్జ్ అంటే ఒక్కో పల్స్‌కు 13.7 మిల్లీసెకన్లు, అందులో తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ వాల్వే చాలా భాగం తినేస్తుంది. వాల్వ్‌కూ స్లాట్‌కూ మధ్య మెత్తటి గొట్టం పొడుగ్గా ఉంటే పల్స్ దాదాపు చదునై చేరుతుంది. వాల్వ్ వాడాలనుకునేవాళ్లు దాన్ని రెక్కకు ఆనించి పెట్టండి, గట్టి గొట్టం వాడండి, కాయిల్ మీద ఫ్లైబ్యాక్ డయోడ్ (ఆపినప్పుడు కాయిల్ నుంచి వచ్చే వోల్టేజి పోటును అడ్డుకునేది) తప్పక పెట్టండి.

స్పీకర్ అయితే బయటి గాలి సరఫరానే అక్కర్లేదు. ఊదిన గాలినే తిరిగి పీలుస్తుంది, కానీ ఊదేటప్పుడు గాలి ముందుకు దూకి సుడిగా విడిపోతుంది, పీల్చేటప్పుడు చుట్టుపక్కల గాలి వస్తుంది. నికరంగా గాలి బరువు సున్నా, నికరంగా తోపు మాత్రం ఉంటుంది. దీనికే సింథటిక్ జెట్ అని పేరు.

3 అంగుళాల స్పీకర్లు రెండు, రెక్క చెరో చివర టన్నెల్ గోడ బయట. ఒక్కదాంతో కూడా నడుస్తుంది గానీ దానికి దగ్గరగా జెట్ బలంగా, దూరంగా నీరసంగా ఉంటుంది. రెండూ ఒకేసారి తొయ్యాలి. ఒకదాని తీగలు తిరగబడితే గాలి రెక్క లోపలే ఆ చివర నుంచి ఈ చివరకు ఊగుతుంది, స్లాట్‌లోంచి దాదాపు ఏమీ రాదు. 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తగిలిస్తే కోన్ ఏ వైపు కదిలిందో కనిపిస్తుంది. రెండూ రెక్క వైపే కదలాలి, లేదా రెండూ రెక్కకు దూరంగా కదలాలి.

ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడానికి ఒక చిన్న లెక్క చాలు. ఫ్రీక్వెన్సీని స్లాట్ నుంచి వెనక అంచు దాకా ఉన్న దూరంతో గుణించి, గాలి వేగంతో భాగిస్తే 1 దగ్గర్లో రావాలి. నాకు దూరం 0.11 మీటర్లు, వేగం 8, కాబట్టి 73 హెర్ట్జ్. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్, చిన్న స్టీరియో యాంప్లిఫయర్, అంతే.

జెట్ వేగం ఎలా తెలిసింది

ముందుకూ వెనక్కూ ఊగే జెట్‌లో పిటోట్ గొట్టం (పీడనం ద్వారా గాలి వేగం కొలిచేది) పెడితే వచ్చే అంకెను నమ్మడానికి లేదు. కోన్ మీద తెల్ల పెయింట్‌తో సూదిమొనంత చుక్క పెట్టాను. నడుస్తున్నప్పుడు ఆ చుక్క గీతలా సాగుతుంది. భూతద్దం, స్కేలు పెట్టి చూస్తే గీత 1 మి.మీ., అంటే కోన్ అటూ ఇటూ అర మిల్లీమీటర్ కదులుతోంది. రెండు కోన్‌ల వైశాల్యం కలిపి సుమారు 60 చ.సెం.మీ. 73 హెర్ట్జ్ దగ్గర ఆ గాలంతా 138 చదరపు మిల్లీమీటర్ల స్లాట్‌లోంచే పోవాలి కాబట్టి గరిష్ఠ వేగం సెకనుకు 10 మీటర్ల దగ్గర వస్తుంది. లీకులు పోను కాస్త తక్కువే అనుకోవాలి. మొమెంటమ్ లెక్కలో చూస్తే ఇది బయటి ప్రవాహంలో 1 శాతం లోపు.

ఈ చుక్క వల్ల ఇంకో లాభం ఉంది. ఫ్రీక్వెన్సీలను పోల్చేటప్పుడు వాల్యూమ్ నాబ్ కదపకుండా ఉంటే సరిపోదు, ఎందుకంటే కోన్ కదలిక ఫ్రీక్వెన్సీతో మారిపోతుంది. గీత పొడవు ఇంటూ ఫ్రీక్వెన్సీ ఒకేలా ఉండాలి. 73 దగ్గర 1 మి.మీ. అయితే 146 దగ్గర అర మిల్లీమీటర్. అప్పుడే జెట్ వేగం ఒకటే అవుతుంది, పోలికకు అర్థం ఉంటుంది.

ఏం కనిపించింది

14 డిగ్రీల దగ్గర జెట్ లేకుండా ఆరు గొట్టాల్లోనూ నీరు దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది. పీడనం అలా చదునుగా ఉందంటే గాలి ముందే వదిలేసిందని అర్థం. 73 హెర్ట్జ్ వేయగానే ముందున్న గొట్టంలో నీరు వాలు వెంట 30 మి.మీ. దాకా పైకి పాకుతుంది, వెనక గొట్టాల్లో కిందికి దిగుతుంది. ముందు అంచు మీద పోయిన చూషణ తిరిగి వచ్చిందన్నమాట.

అదే జెట్ వేగంతో 146 దగ్గర ఫలితం ఇంచుమించు అంతే. 300 దగ్గర బాగా తగ్గింది. 20 దగ్గర దారాలు అతుక్కోవు, ప్రతి పల్స్‌కూ లేచి పడతాయి. స్లాట్ దగ్గరి దారాలు మాత్రం 5 మి.మీ. దూరంలో అంటించండి, పీల్చే స్ట్రోక్‌లో దారం కొస లోపలికి పోయి ఇరుక్కుంటుంది.

టేప్ పరీక్ష

ఇక అనుమానాల సంగతి. ఇంత తక్కువ రెనాల్డ్స్ సంఖ్యలో రెక్క మీద ఏ చిన్న గరుకు ఉన్నా గాలి తీరు మారిపోతుంది. ఊరికే స్లాట్ ఉండటమే సగం పని చేసి ఉండొచ్చు. అందుకని స్లాట్‌ను పల్చటి టేప్‌తో మూసి ఒకసారి, టేప్ తీసి స్పీకర్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి కొలవాలి. మొదటి రెండింటికీ తేడా 10 డిగ్రీల దగ్గర కొంచెం ఉంది, 14 దగ్గర లేదు. ముందు అంచు మీద జిగ్‌జాగ్ టేప్ పట్టీ అంటించి చూసినా ఇదే వరస. 10 దగ్గర జెట్ అంత పనీ ఆ పట్టీ చేసేసింది, 14 దగ్గర చేతులెత్తేసింది. కాబట్టి 10 డిగ్రీల ఫలితాలను జెట్ ఖాతాలో రాయట్లేదు. ఇలాంటి ప్రయోగాల వీడియోల్లో పట్టీతో పోల్చి చూపించేవాళ్లు అరుదు, చూపిస్తే చాలా గొప్పలు తగ్గుతాయని నా ఉద్దేశం.

రెండో అనుమానం శబ్దం. జెట్ లేకున్నా గట్టి శబ్దం దానంతట అదే విడిపోయిన గాలిని అతికించగలదు. స్లాట్ మూసేసి స్పీకర్లు నడిపితే 73 దగ్గర ఏ మార్పూ లేదు, కానీ 110 చుట్టుపక్కల దారాల చిందులు కాస్త తగ్గాయి. డక్ట్ పొడవు 1.5 మీటర్లు, రెండు కొసలూ తెరిచే ఉన్నాయి. శబ్ద తరంగంలో సగం సరిగ్గా అంత పొడవులో ఇమిడేది 114 హెర్ట్జ్ దగ్గర. స్పీకర్ల వెనక నుంచి వచ్చే శబ్దం డక్ట్‌ను మోగిస్తోందన్నమాట. వెనకవైపు ప్లైవుడ్ డబ్బాలతో మూశాక అది పోయింది. డబ్బా లోపలి గాలి కోన్‌ను బిగబెడుతుంది, అదే గీత పొడవుకు వాల్యూమ్ ఇంకాస్త పెంచాలి. అయినా సరే 100 నుంచి 130 మధ్య కొలతలు తీసుకోను.

పొగలో సుడులు

దీనికి టన్నెల్ వేగాన్ని సెకనుకు 3 మీటర్లకు తగ్గించాలి, ఎక్కువైతే పొగ చెదిరిపోతుంది. 0.1 మి.మీ. నైక్రోమ్ తీగకు లిక్విడ్ పారఫిన్ పూసి కరెంటు ఇస్తే రెండు మూడు క్షణాలు సన్నటి గీతలుగా పొగ వస్తుంది. ఈ వేగానికి లెక్క ప్రకారం 27 హెర్ట్జ్. ఎల్‌ఈడీని సెకనుకు 26.5 సార్లు వెలిగిస్తే సుడులు రెండు సెకన్లకు ఒక సుడి నుంచి తర్వాతి సుడికి ఉన్నంత దూరం చొప్పున మెల్లగా నడుస్తున్నట్టు కనిపిస్తాయి. స్లాట్ దగ్గర పొగ గీత చిన్నగా ముడుచుకుంటుంది, వెనక్కి పోతూ లావెక్కుతుంది, మధ్యకు వచ్చేసరికి గుండ్రంగా దొర్లుతూ పై గాలిని రెక్క మీదికి లాక్కొస్తుంది. రెక్క మీద ఏ క్షణంలో చూసినా రెండు సుడులే ఉంటాయి. సుడి వేగం బయటి గాలిలో సగం అనుకుంటే లెక్క కూడా అంతే చెబుతుంది. 20 హెర్ట్జ్ ఎందుకు పనిచేయదో ఇక్కడ అర్థమవుతుంది. ఒక సుడి వెళ్లిపోయి ఇంకోటి వచ్చేలోపు ఖాళీ ఎక్కువవుతుంది, ఆ సందులో గాలి మళ్లీ వదిలేస్తుంది.

ఒక హెచ్చరిక: ఈ వేగంలో మినుకుమనే వెలుతురు కొందరిలో మూర్ఛ తెప్పించగలదు. ఆ ఇబ్బంది ఉన్నవాళ్లను గదిలోకి రానివ్వకండి.

పెద్ద విమానాల్లో

ఇంజిన్ గాలిని ఫ్లాప్‌ల మీదికి ఆపకుండా ఊదడం పాత పద్ధతే, మిగ్-21 కొన్ని రకాల్లో అదే ఉండేది. దానికి ఇంజిన్ నుంచి చాలా గాలి లాగాలి. 2015లో నాసా, బోయింగ్ కలిసి 757 ఎకోడిమాన్‌స్ట్రేటర్ అనే పరీక్ష విమానం నిలువు తోక మీద 31 స్వీపింగ్ జెట్‌లు (అటూ ఇటూ ఊగే జెట్‌లు) పెట్టి ఎగరేశాయి. టేకాఫ్‌లో ఒక ఇంజిన్ ఆగిపోతే విమానాన్ని తిన్నగా ఉంచాలి కాబట్టి తోకను అంత పెద్దది చేస్తారు, మిగతా ప్రయాణమంతా అది మోయాల్సిన బరువే. జెట్‌లతో రడ్డర్ బలం పెంచితే తోక చిన్నదైనా చాలు. ఆ జెట్‌లలో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. లోపలి దారుల ఆకారం వల్ల గాలే తనంతట తాను అటూ ఇటూ ఊగుతుంది. దుమ్ము, చలి, కంపనం తట్టుకోవాల్సిన చోట స్పీకర్ కోన్‌ను ఎవరూ నమ్మరు మరి.

నా తర్వాతి రెక్క కూడా అదే దారిలో. నాలుగు స్వీపింగ్ జెట్‌లను రెసిన్ ప్రింటర్‌తో తీస్తున్నాను, గొంతు వెడల్పు 1 మి.మీ. వాటి ఊగే ఫ్రీక్వెన్సీ 73 కంటే ఎంతో ఎక్కువ ఉంటుంది, కాబట్టి అవి పనిచేసే తీరు వేరు. ఈలోగా ఇదే రెక్క మీద బర్స్ట్ పద్ధతి చూడాలి: 300 హెర్ట్జ్ టోన్‌ను సెకనుకు 73 సార్లు కొద్దిసేపే వేసి ఆపడం. పల్స్‌లో పావు వంతు సమయం మాత్రమే ఊది అదే ఫలితం వస్తే యాంప్లిఫయర్ కరెంటు బాగా తగ్గాలి. దానికి ఫోన్ యాప్ చాలదు, సిగ్నల్‌ను ముందే ఆడియో ఫైలుగా తయారుచేసుకోవాలి. అది ఈ వారం పని.