మీగడ కట్టింది గానీ నూనె విడలేదు

లేత్ మీద లోహాన్ని కోసేటప్పుడు చల్లదనం కోసం పోసే నూనె కలిపిన నీటిని కూలెంటు అంటారు; వాడి పారేసే కూలెంటు నుంచి నూనెను పాలిమర్ (గొలుసులా పెరిగిన పెద్ద అణువుల రసాయనం) వేసి విడగొట్టాలని చూస్తున్నాను. నీరు తేరింది, సీసా వెనుక దినపత్రిక పెడితే చిన్న అక్షరాలు కూడా చదవవచ్చు. కానీ నాకు కావలసింది విడిగా తేలిన నూనె, అది ఇంతవరకు చేతికి రాలేదు.

పర్లాకిమిడిలోని మా లేత్ షెడ్డులో వాడి మురిగిపోయిన కూలెంటే ఈ ప్రయోగాలకు ముడిసరుకు. ఇండియన్ ఆయిల్ వారి సర్వోకట్ ఎస్‌ను ఒక పాలుకు ఇరవై పాళ్ల నీటితో కలిపి వాడతాము. లేత్‌కు అది నమ్మకమైన నూనె. ఎమల్షన్, అంటే నీటిలో సన్నని బిందువులుగా చెదిరిన నూనె, అంత గట్టిగా నిలుస్తుంది కనుకనే విడగొట్టడం ఇంత కష్టమవుతోంది. పాలిమర్ విషయానికి వస్తే, 50 శాతం నీటి ద్రావణంగా దొరికే శాఖల పాలీఇథిలీనిమీన్‌ను తీసుకొని, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉండేటట్లు పలుచన చేసుకున్నాను.

అర లీటరు సీసాలో ద్రవం ఎత్తు 110 మి.మీ. అందులోని నూనె అంతా విడిపోయినా పైపొర 5 మి.మీ. చిల్లర దాటకూడదు. లీటరుకు 150 మి.గ్రా. మోతాదులో అడుగున నీరు తేటపడింది గానీ, పైన 22 మి.మీ. మందాన తెల్లని మీగడ కట్టింది, అంటే ఆ పొరలో నాలుగింట మూడు వంతులు నీరే. చెంచాతో తీస్తే ముద్దగా వస్తుంది, వేళ్ల మధ్య నలిపితే తప్ప జిడ్డు తెలియదు. మోతాదు 300కు పెంచితే సీసా అంతా మళ్లీ పాలలా మారిపోయింది. రుణావేశం గల నూనె బిందువుల మీద ధనావేశం గల పాలిమర్ అవసరానికి మించి చేరి, ఆవేశాన్ని తిప్పేసినందువల్ల ఇలా జరుగుతుంది.

ముందుగా లోహపు పొడిని అనుమానించాను. ఇనుప రజను బిందువుల చుట్టూ చేరితే అవి కలవలేవు కదా అని, అయస్కాంతం తిప్పి, గుడ్డలో వడకట్టి చూస్తే మీగడ 20కి దిగి అక్కడే ఆగింది. లీటరుకు 10 గ్రాముల ఉప్పు వేస్తే 18 అయింది. 70 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచితే 15కు తగ్గి, గాజు అంచున పసుపురంగు నూనె చుక్కలు కనిపించాయి. బ్యాటరీ యాసిడ్‌ను పలుచన చేసి పీహెచ్ 4కు దించి, పాలిమర్‌ను 100కు తగ్గిస్తే 13 వచ్చింది. అదే పీహెచ్‌లో పాలిమర్ వేయని సీసాలో పొరే కట్టలేదు కనుక ఈ ఫలితాన్ని ఒక్క యాసిడ్ ఖాతాలోనే రాయలేము. పీహెచ్ తగ్గినకొద్దీ పాలిమర్ అణువులోని అమీన్లు (నత్రజని ఉన్న భాగాలు) మరింత ధనావేశం పుంజుకుంటాయి, తక్కువ పాలిమర్ సరిపోవడానికి అదే కారణమని నా ఊహ.

అసలు చిక్కు బిందువులు దగ్గరకు చేరడంలో కాక, చేరినవి ఒకదానిలో ఒకటి కలవడంలో ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎమల్సిఫైయర్‌లోని సల్ఫోనేట్లతో (నూనెను నీటిలో చెదిరి నిలిచేటట్లు చేసే రుణావేశ సబ్బు వంటి పదార్థాలతో) పాలిమర్ జతకట్టి బిందువు చుట్టూ ఒక పొరను అల్లుతున్నట్లుంది. ఉప్పు, వేడి ఆ పొరను వదులు చేస్తున్నాయి గానీ చింపలేకపోతున్నాయి.

ఈ పాలిమర్‌కు బదులు వేరేవి వాడవచ్చు కదా అంటే, పటిక చవకే, కానీ దాని బురదను ఎత్తిపోయడం పెద్ద పని. సరళ గొలుసు పాలీఅక్రిలమైడ్ పొడి సరిగా కరగక ఉండలు కట్టి, పాత్రకంతా జిగురు పులుముతుంది కనుక నాకు నచ్చదు. 1985లో రసాయన శాస్త్రవేత్త టొమాలియా బృందం ప్రకటించిన డెండ్రిమర్లలో (చెట్టులా క్రమంగా శాఖలు వేసే అణువులలో) నాలుగు కొసల మూలం నుంచి పెంచిన నాలుగో తరం అణువుకు కచ్చితంగా 64 కొసలు ఉంటాయి; చూడముచ్చటైన రసాయనమే అయినా మురికినీటిలో పోయడానికి ఆ ధర తగదు, శాఖలు అస్తవ్యస్తంగా ఉన్న పాలిమరే మనకు చాలు.

తేరిన నీటిని మహేంద్రతనయ నది వైపు పారే కాలువలోకి వదలడం లేదు, ఎందుకంటే ధనావేశ పాలిమర్లు చేపలకు హానికరం. మిగిలిన పాలిమర్ కొత్త ఎమల్షన్‌నూ విరిచేస్తుంది కనుక కూలెంటు కలపడానికీ అది పనికిరాదు, డ్రమ్ములోనే ఆరాలి.

తరువాత చమురు బావుల దగ్గర వాడే, అమీన్ మూలం నుంచి శాఖలుగా పెంచిన, ఎమల్షన్‌ను విరిచే పాలీఈథర్ డీమల్సిఫైయర్‌ను తెప్పించి, పాలీఇథిలీనిమీన్ వేసిన అరగంటకు లీటరుకు 20 మి.గ్రా. నుంచి మొదలుపెట్టి చూడాలి. దాని పాలీప్రొపిలీన్ ఆక్సైడ్ భాగానికి నూనె మీద మొగ్గు ఉంటుంది కనుక ఆ పొరను లోపలి నుంచి వదులు చేయవచ్చు. గ్యాసు ఖర్చు లేకుండా వేడి కావాలంటే, నల్లరంగు పూసిన డబ్బాలో మీగడను మాత్రమే తీసి రేకుల కప్పు మీద పెట్టి, మధ్యాహ్నం ఎండకు ఎన్ని డిగ్రీలు ఎక్కుతుందో ముందుగా కొలవాలి.